చుక్కల కాగితం

ఆ ఏడాది మా వంటింట్లో ఉప్పు డబ్బా ఏదో, పంచదార డబ్బా ఏదో తెలుసుకోవడానికి నేను అశోకుడి నాటి లిపి నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకుంటానని నేనెవరికీ మాటివ్వలేదు. మా ఆయన హరనాథ్ గారు సైన్యంలో, సిగ్నల్స్ విభాగంలో, ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరయ్యారు. ఢిల్లీ కంటోన్మెంట్‌లో క్వార్టర్ ఖాళీ చేసి, వసంత్ కుంజ్ పక్కన కిషన్‌గఢ్‌లో రెండు గదుల అద్దె ఇంట్లోకి దిగాం. దిగిన వారానికే ఆయన బజారుకెళ్లి ఒకే కొలత స్టీలు డబ్బాలు పన్నెండు తెచ్చారు. నా సరుకులన్నీ వాటిలో పోసి, వంటింటి అరలో అక్షరమాల వరుసలో నిలబెట్టారు. ఒక్కొక్క డబ్బా మీద తెల్ల కాగితం అంటించి నల్ల సిరాతో ఏవో గీతలు, కొక్కేలు, ప్లస్ గుర్తులు గీశారు.

"ఇదేటండి, డబ్బాలకి యంత్రాలు కట్టీసారా?" అన్నాను.

"బ్రాహ్మీ లిపి. మన తెలుగక్షరాలకి ముత్తాత. రోజూ కంటి ముందుంటే అదే వచ్చీస్తాది," అన్నారు.

ఎవరికి వచ్చేస్తుందో చెప్పలేదు. ఆ రాత్రి చారులో ఉప్పనుకుని రెండు చెంచాల పంచదార వేశాను. మా అమ్మాయి స్నిగ్ధ గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తుంది. కంటోన్మెంట్ స్కూళ్లలో చదివిన పిల్ల, తెలుగు వింటుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. ఒక్క గుటక తాగి, "మమ్మీ, యే రసమ్ హై యా షర్బత్?" అంది. ఆయన మాత్రం గిన్నె ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, పుస్తకం ముందు కూర్చున్నారు.

అసలు సంగతేమిటంటే, ఆ జులైలో ఆయనకి దగ్గర్లోని యూనివర్సిటీలో ఎమ్మే ప్రాచీన చరిత్రలో సీటు వచ్చింది. దూరవిద్యలో డిగ్రీ ఎప్పుడు పూర్తి చేశారో నాకు తెలుసు కానీ, ఎంట్రెన్సు ఎప్పుడు రాశారో తెలియదు. నలభై తొమ్మిదేళ్ల మనిషి. ఇదేం బుద్ధి అని అడిగితే కాల్సీ సంగతి గుర్తు చేశారు. డెహ్రాడూన్ వైపు పోస్టింగులో ఉన్నప్పుడు ఒకసారి కాల్సీలో అశోకుడి శాసనం ఉన్న బండ చూడ్డానికి వెళ్లాం. స్నిగ్ధ చంకలో ఉంది, నాకు టీ తాగాలనుంది, ఆయన మాత్రం ఆ బండ ముందు అరగంట నిలబడిపోయారు.

"టకటకమని మోర్సు కోడ్ వచ్చిందంటే నిద్దట్లో కూడా రాసీవాడిని. అక్కడ అశోకుడు ఎదురుగా నిలబడి చెబుతన్నాడు, ఒక్క ముక్క అందలేదు. ఆ సిగ్గు నాకింకా ఉంది," అన్నారు.

సిగ్గుపడడానికి మనుషులు ఎన్ని కారణాలు వెతుక్కుంటారో! నాకైతే వేరే బెంగ ఉంది. పెన్షన్ మీద ఇల్లు నడుస్తుంది కానీ పరుగెత్తదు. పైగా ఆయనతో పాటు రిటైరైన సదాశివరావు గారు గురుగ్రామ్‌లో ఒక పెద్ద ఆఫీసు భవనానికి సెక్యూరిటీ హెడ్. తన కింద ఒక మంచి పోస్టు ఉందనీ, ఫిబ్రవరి ఒకటిన చేరవచ్చనీ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.

"ఒక్క సెమిస్టర్ ఇవ్వు నాకు. ఫలితం జనవరిలో వస్తాది. తప్పితే మారు మాటాడకుండా ఆ ఉద్యోగంలో చేరిపోతాను. నెగ్గితే రెండేళ్లూ చదువుకోనియ్యి," అన్నారు మా ఆయన.

సరేనన్నాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన నన్ను అడిగినవి ఎన్ని ఉంటాయి గనక.

మొదటిరోజు బూట్లకి పాలిష్ పెట్టి, ఇస్త్రీ చొక్కా టక్ చేసి, మీసం దువ్వుకుని వెళ్లారు. ఆయన తలుపు తోసి లోపలికి రాగానే క్లాసంతా లేచి నిలబడి గుడ్ మార్నింగ్ సర్ అందట. "బైఠో బేటా, మై భీ స్టూడెంట్ హూఁ," అని, తనూ విద్యార్థేనని చెప్పి మొదటి బెంచీలో కూర్చున్నారట. పది నిమిషాల తరవాత అసలు మేడమ్ వస్తే ఒక్కరూ లేవలేదట. అది చెప్పి మా ఆయన నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఆ పిల్లల మధ్య ఈయన ఎక్కడ చిన్నబోతారోనని.

కానీ చదువంటే అలా చదవాలి. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేవారు, పరేడ్ ఉన్నట్టే. ఒక్కో అక్షరం నూరుసార్లు రాసేవారు. నూటొకటోది మొదటిదాని మీద పెట్టి, వెలుతురుకి పట్టి చూసి, తేడా ఉంటే మళ్లీ నూరు. ఇంగ్లీషు పుస్తకాలు మాత్రం ఆయనకి కొండలే. గంటకి ఒక పేజీ. ఒకరోజు ఆయన నిఘంటువు పేజీలు తిప్పుతుండగా స్నిగ్ధ చూసి, ఆ అధ్యాయం ఫొటోలు తీసుకుంది. మర్నాటి నుంచి ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని చదివి, హిందీలో వివరిస్తూ రికార్డు చేసి ఫోన్‌కి పంపేది. "పాపా, ధ్యాన్ సే సునో, యే ఇంపార్టెంట్ హై," అని, శ్రద్ధగా వినమంటూ మొదలయ్యేవి అవి. కూతురు పాఠం చెబుతుంటే ఆయన నోటుబుక్కు తెరిచి నిటారుగా కూర్చుని రాసుకునేవారు. ఆ దృశ్యం చూడ్డానికి నేను వంటింట్లో చేస్తున్న పని ఆపి గుమ్మంలో నిలబడిన రోజులున్నాయి.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆయన క్లాసులోని నవ్యశ్రీ మా ఇంటికి భోజనానికి వచ్చింది. వరంగల్ పిల్ల, హాస్టల్ తిండితో విసిగిపోయి ఉంది. చురుకైనది. బెండకాయ పులుసు మూడుసార్లు వేయించుకుంది. తిన్నాక ఇద్దరూ నేలమీద కూర్చుని ఒక శాసనం ఫొటో ముందు పెట్టుకున్నారు. నవ్యశ్రీ అర నిమిషంలో చదివేసి కాగితం నింపేసింది. ఆయన ఇంకా మొదటి వరుసలోనే ఉన్నారు.

"అంకుల్, ఇది తెలిసిన శాసనమే గదా. మొదటి రెండు మాటలు గుర్తుపడితే మిగతాది పుస్తకంల ఉన్నదే. గంత సేపు చూసుడెందుకు?" అంది.

"అక్కడే తల్లీ ప్రమాదం," అన్నారాయన. కాసేపు కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. "మంచుకొండల్లో ఒక కాపలా పోస్టు మీద ఉండేవాళ్లం. రోజూ పొద్దున్న ఒకే రకం మెసేజి వచ్చేది. ఫలానా జవాన్ల పార్టీ ఫలానా పోస్టుకి వెళ్లాల. నెలరోజులు ఒకే పోస్టు పేరు. ఒకరోజు గాలి, గోల, సగం వినబడలేదు. ఆపరేటరు ఏం చేసాడు? రోజూ వచ్చే పేరే కదా అని రాసీసాడు. నలుగురు పగలంతా మంచులో తప్పు పోస్టుకి నడిచారు. ఒక కుర్రాడికి కాలి వేళ్లు రెండు తీసీవలసొచ్చింది."

"అయ్యో. మరి ఆ ఆపరేటర్‌ని ఏం జేసిన్రు?"

"వారం రోజులు డ్యూటీ తప్పించారు. ఆ ఆపరేటరు నేనే," అన్నారు ఆయన. "అప్పట్నుంచి ఒకటే లెక్క. వినబడింది రాయాల. వినబడనిచోట చుక్క పెట్టాల. అనుమానముంటే కింద గీత గీయాల. మనకి తెలిసింది మాత్రం రాయకూడదు."

నేను పులుసు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ మాట నాతో ఎన్నడూ అనలేదు. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా, తిని చూస్తే గానీ జవాబు చెప్పని మనిషి ఎందుకలా ఉంటారో ఆ రోజు తెలిసింది.

అక్టోబరులో మధ్యంతర పరీక్ష జరిగింది. చరిత్రకి ఆధారాలేమిటో ఇంగ్లీషులో వ్యాసం రాయాలి. పిల్లలు ఎనిమిదేసి పేజీలు నింపారు. ఈయన రెండు పేజీలు. ఇరవై ఐదుకి ఎనిమిది వచ్చాయి. ఆ పేపరు తెచ్చి దాచుకోవలసింది పోయి, డబ్బాల పైన గోడకి మేకు కొట్టి తగిలించారు. నేను పోపు పెట్టినప్పుడల్లా ఆ ఎర్ర సిరా ఎనిమిది నా కళ్లలో పడేది. ఆయన దాన్ని చూసి మామూలుగానే పళ్లు తోముకునేవారు, టీ తాగేవారు, నాలుగున్నరకే లేచేవారు. నేను మాత్రం ఓర్చుకోలేకపోయాను. జనవరిలో ఆ క్లాసు పిల్లలందరి ముందూ ఈ మనిషి తప్పడం నేను చూడలేను. సంగతి అక్కడిదాకా రాకుండా ముందే దారి చూపిస్తే పరువు మిగులుతుందనుకున్నాను.

నవంబరు మొదట్లో ఆయన క్లాసుకి వెళ్లిన వేళ సదాశివరావు గారికి ఫోన్ చేశాను. అన్నయ్య అంటాను ఆయన్ని.

"హరనాథ్ ఒప్పుకున్నాడేటి చెల్లెమ్మా?" అన్నారు.

"ఒప్పుకుంటారన్నయ్యా. ఆ పరీక్ష ఆయన వల్ల అవదు. మీరు పేరు రాయించీండి," అన్నాను.

ఎంత తేలిగ్గా అనేశానో! ఆయన సంతోషించి, యూనిఫారానికి కొలత కావాలి, ఒక చొక్కా పంపమన్నారు. బీరువాలోంచి మా ఆయన లేతనీలం చొక్కా తీసి, ఆయన పంపిన డ్రైవరు చేతికిచ్చాను. డిసెంబరు మొదటివారంలో యూనిఫారం కుట్టి వచ్చింది. ముదురు నీలం, భుజాల మీద పట్టీలు, జేబు మీద కంపెనీ పేరు. ప్లాస్టిక్ కవరుతో సహా నా నల్ల ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున పెట్టేశాను. ఆ ట్రంకు మీద తెల్ల రంగుతో ఆయన పేరూ ఆర్మీ నంబరూ రాసి ఉంటాయి. మూత వేస్తుంటే అవి నన్నే చూస్తున్నట్టనిపించింది.

ఆ వారంలోనే వాళ్ల ఘోషాల్ మేడమ్ ఆఖరి పని అప్పగించింది. ఢిల్లీలోనే, కాల్కాజీ దగ్గర ఒక చిన్న గుట్టమీద, అశోకుడి శాసనం ఉంది. పది వరుసలు. చుట్టూ ఇనప ఊచలు, పైన కాంక్రీటు కప్పు. ప్రతివాళ్లూ వెళ్లి బండను చూసి, చూసినదాన్ని కాగితం మీదికి ఎత్తి రాసి, సోమవారం ఇవ్వాలి. లిపి పేపర్లో సగం మార్కులు దీనివే. ఇందులో గట్టెక్కితేనే ఆయన సెమిస్టర్ గట్టెక్కుతుంది.

పిల్లలందరూ ఒక బుధవారం గుంపుగా వెళ్లి, ఫొటోలు తీసుకుని, గంటలో తిరిగొచ్చారు. ఈయన మూడుసార్లు వెళ్లారు. మూడోసారి వచ్చినరోజు నవ్యశ్రీ మా ఇంట్లోనే ఉంది. ఆయన కాగితం చూసి తల పట్టుకుంది. అక్షరాల కన్నా చుక్కలే ఎక్కువున్నాయి. ఒక వరుసలో నాలుగు అక్షరాలు, తరవాత చుక్కలే చుక్కలు.

"అంకుల్, గిన్ని చుక్కలు పెడితే మేడమ్ ఏం మార్కులేస్తది? ఈ శాసనమే వేరే ఊళ్లల్ల కూడా ఉన్నది గదా. పాఠం మొత్తం పుస్తకంల ఉంది. నేను పంపిస్త, చూసి నింపుకోండి," అంది.

"పుస్తకంలోది ఆ పుస్తకం రాసినాయన చూసింది తల్లీ. నేను చూసింది ఇంతే," అన్నారు.

"మస్తు మొండి మీరు," అని ఆ పిల్ల నవ్వేసింది. నేను నవ్వలేదు. అయిపోయింది, ఈయన తప్పారు, నేను చేసిన పనే మంచిదయింది అనుకున్నాను.

ఆదివారం నాలుగోసారి బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. ఆ బండ ఎలా ఉంటుందో చూద్దామనో, ఆఖరిసారి కదా పక్కన ఉందామనో. పులిహోర, పెరుగన్నం క్యారేజీలో సర్దాను. తినడానికి రెండు స్టీలు పళ్లాలు పెట్టుకున్నాను. మెట్రోలో కాల్కాజీ మందిర్ దగ్గర దిగి ఆటో ఎక్కాం. మంచు విడిచేసరికి మధ్యాహ్నం దాటింది.

అంత దూరం వచ్చి చూస్తే ఏముంది, ఏటవాలుగా ఒక బండ. పిల్లలు పక్కనే క్రికెట్ ఆడుతున్నారు. ఊచల్లోంచి చూస్తే రాయి రాయిలాగే ఉంది. ఈయన మోకాళ్ల మీద కూర్చుని, ఊచలకి ముఖం ఆనించి, ఒక్కో వరుసా వేలితో గాల్లో దిద్దుతున్నారు. గంట గడిచింది. ఒక్క చుక్క కూడా అక్షరం కాలేదు.

"ముందు తినండి," అన్నాను.

గడ్డి మీద కూర్చుని తిన్నాం. నేను నా పళ్లెం సీసాలో నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచి, సంచిలో పెట్టబోతూ పైకెత్తాను. వాలుతున్న ఎండ దానిమీద పడి, ఊచల మధ్యనుంచి దూరి, బండ మీద పక్కవాటుగా ఒక వెలుగు పట్టీ పరిచింది.

"కదపకు!" అని అరిచారాయన. క్రికెట్ పిల్లలు కూడా ఆగిపోయారు. "అన్నపూర్ణా, కదపకు. అలాగే ఉంచు. కొంచెం కిందకి. ఆఁ, అంతే."

పక్కనుంచి వెలుగు తగిలేసరికి అరిగిపోయిన గాడుల్లో నీడ నిండింది. అప్పటిదాకా ఉత్త రాయిగా ఉన్నచోట అక్షరాలు లేచి కూర్చున్నాయి. ప్లస్ గుర్తు, అది నా కారం డబ్బా మీది క. నిలువు గీత, అది ర. తలకిందులైన ఇంగ్లీషు టీ, అది న. రెండువేల మూడువందల ఏళ్ల కిందట ఎవరో ఉలిపనివాడు చెక్కిన అక్షరాలు నా వంటింటి అరలోని అక్షరాలే! ఆయన నా వైపు చూడకుండా, వరుస సంఖ్య చెప్పి, పళ్లెం ఎటు తిప్పాలో చెప్పి, చూసి, రాసి, మళ్లీ చూసి, సరిచూసుకుంటున్నారు. ఆ కంఠంలో పాతికేళ్ల నాటి ఆపరేటరు ఉన్నాడు. నా చేతులు లాగేస్తున్నాయి. అయినా దించలేదు. అలా ముప్పావుగంటలో పదకొండు చుక్కలు అక్షరాలయ్యాయి.

ఎండ చివరికొచ్చేసింది. నేను పళ్లెం కాస్త వంచేసరికి ఆరో వరుస చివర, ఆయన చుక్క పెట్టినచోట, ఒక కొక్కెం కనబడింది.

"ఏవండీ, అదిగో! ఉప్పు డబ్బా మీది ప!"

"ఎక్కడ?"

"ఆ మూల, చిన్న పెచ్చు ఊడినచోట. పక్కనే."

ఆయన వచ్చి చూశారు. నేను నిలబడినచోట నిలబడ్డారు. పళ్లెం అటూ ఇటూ తిప్పించారు. అప్పటికే ఎండ గుట్ట వెనక్కి జారిపోయింది. రాయి మళ్లీ రాయి అయిపోయింది.

"నాకు కనబడలేదు," అన్నారు. ఆ చుక్క అలాగే ఉంచేశారు.

"నేను చూసానంటన్నాను కదా!"

"చూసావు. కాదనలేదు. నా కంటికి పడలేదు."

"ఇరవై ఆరేళ్లు కాపరం చేసాను, నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదేటండి?"

"నమ్మకానికేటి, చాలా ఉంది," అన్నారు, కాగితాలు మడత పడకుండా అట్టలో పెట్టుకుంటూ. "నమ్మకం రాయడానికి కాదు అన్నపూర్ణా ఆ కాగితం."

దారంతా నా చేతులు నొప్పెడుతున్నాయి, మనసు అంతకన్నా నొప్పెడుతోంది. ఆయన మెట్రోలో నా పక్కన కూర్చుని, అట్టను గుండెకి ఆనించుకుని, కళ్లు మూసుకున్నారు. ఇల్లు చేరగానే టీ కూడా అడక్కుండా శుద్ధప్రతి రాయడానికి కూర్చున్నారు. నేను అన్నం వార్చి, కూర దించి, భోజనానికి పిలవడానికి వెళ్లేసరికి కాగితం పూర్తయింది. పొద్దున ఉన్నన్ని లేకపోయినా చుక్కలు ఇంకా చాలానే ఉన్నాయి. అడుగున ఇంగ్లీషులో రెండు వరుసలున్నాయి. కూడబలుక్కుని చదివాను. ఆరో వరుస చివర 'ప' అని రెండో ఆపరేటరు చూసినట్టు నివేదించారు, మొదటి ఆపరేటరుకి కనబడలేదు. అంతే. దానికింద బ్రాహ్మీలో ఒక పేరుంది.

"ఇదేటి?"

"సిగ్నల్స్ లాగ్ పద్ధతి. ఇద్దరు ఆపరేటర్లు వింటే, ఒకడికి వినబడింది రెండోవాడికి వినబడకపోతే, చెరిపీకూడదు, కలిపీకూడదు. ఎవరు విన్నారో పేరు రాయాల," అన్నారు. "చదువు."

డబ్బాలని తలుచుకుంటూ, కూడబలుక్కుంటూ చదివాను. అ. న. ప. అక్కడికి అర్థమైపోయింది. నేను చదివింది పదో తరగతి. ఆ తరవాత నా పేరు రేషన్ కార్డు మీదా, ఆస్పత్రి చీటీల మీదా, డిపెండెంట్ కార్డుల మీదా, ఎప్పుడూ ఆయన పేరు పక్కన భార్య అనే మాటతోనే ఉంది. ఒక యూనివర్సిటీకి వెళ్లే కాగితం మీద, నా కళ్లు చూసినదానికి సాక్ష్యంగా నా పేరు ఉండడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు.

ఏడుస్తూనే వెళ్లి ట్రంకు తెరిచాను. పట్టుచీరల కిందనుంచి ఆ కవరు తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను. నవంబరులో ఫోన్ చేసింది, మీరు తప్పుతారని చెప్పింది, పేరు రాయించమన్నది, చొక్కా పంపింది, అన్నీ చెప్పేశాను. బండని సరిగా చూడకుండానే పుస్తకం చూసి నింపినవాళ్ల కన్నా ఘోరం నాది. ఆ పిల్లలు రాయి గురించి రాశారు, నేను ఇంట్లో మనిషి గురించి రాశాను.

ఆయన కవరు విప్పారు. చొక్కా తీసి, భుజాలు కొలిచి చూసుకున్నారు.

"కొలత బాగానే కుదిరింది," అన్నారు. తరవాత, "లేతనీలం చొక్కా నవంబరు నుంచే కనబడలేదు నాకు," అన్నారు.

"మరి అడగలేదేటి?"

"చొక్కా లేదన్నది చూసాను. ఎందుకు లేదో చూడలేదు. చూడందాన్ని నేనెందుకు అనుకోవాల?"

నెల రోజులు. ఆ ఖాళీని ఆ మనిషి నెల రోజులు ఖాళీగానే ఉంచుకున్నాడు, నా మీద ఒక్క చెడ్డ మాట కూడా అందులో రాసుకోకుండా. ఇంత నిబ్బరం ఉన్నవాడితో ఇన్నేళ్లు బతికి, ఎర్ర సిరా ఎనిమిది చూసి బెదిరిపోయాను. నాకు సిగ్గేసింది, గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని అప్పుడే తెలిసింది.

ఫలితం ముందే చెప్పేస్తాను, లేకపోతే మీకు తోచదు. జనవరి రెండోవారంలో వచ్చింది. నెగ్గారు, మొదటి వరుసలో కాదు, కానీ నెగ్గారు. పుస్తకం చూసి రాసినవాళ్లందరినీ మేడమ్ మళ్లీ గుట్ట ఎక్కించింది, అందులో నవ్యశ్రీ కూడా ఉంది. ఈయన కాగితం మీద, నా ప పక్కన, పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి, "ఇది నేనూ చూడాలి. రెండో ఆపరేటరునీ ఆ పళ్లాన్నీ తీసుకురండి" అని రాసింది.

కానీ ఇవేవీ అప్పటికి జరగలేదు. ఆ సోమవారం ఉదయం ఆయన కాగితం ఇవ్వడానికి యూనివర్సిటీకి వెళ్లారు. నేను యూనిఫారం మడిచి కవర్లో పెట్టి, గుమ్మం దగ్గర ఉంచి, సదాశివరావు గారికి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ఆ పోస్టు ఇంకెవరికైనా ఇచ్చీండి. బట్టలు స్నిగ్ధ చేత పంపుతాను. తప్పు నాదే, ఆయన్ని అడక్కుండా మాటిచ్చీసాను."

"అలాగేటి! పాసైపోయాడా హరనాథ్?" అన్నారాయన.

"తెలీదన్నయ్యా," అన్నాను. "ఇంకా చూడలేదు."